మూడో ఎంజైము

కృష్ణంరాజుగారి కోడలు గీతిక ఒంట్లో ఒక ఎంజైము సగమే పనిచేస్తోందని రాజమండ్రి డాక్టరు నిర్ధారించిన సంగతిని పాఠకులకు తెలియజేయడానికి మా గ్రామం మిక్కిలి గర్విస్తోంది. భీమవరం చుట్టుపక్కల షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు లేని ఊరు లేదు. వాటితో ఏ ఊరికీ పేరు రాదు. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు, పలకడానికి నోరు తిరగని జబ్బు, ఇన్ని ఊళ్ళుండగా మా ఊరినే వెతుక్కుంటూ వచ్చింది. పక్క ఊరివాళ్ళు కుళ్ళుకుంటున్నారని వినికిడి. కుళ్ళుకోనివ్వండి.

జబ్బు పేరు పోర్ఫీరియా. మూడేళ్ళుగా గీతికకు కడుపునొప్పి వచ్చిందంటే మెలికలు తిరిగిపోయేది. మొదట గ్యాసన్నారు. తరువాత అపెండిక్సన్నారు, తీసేశారు. అపెండిక్సు పోయింది, నొప్పి ఉండిపోయింది. స్కానింగులన్నీ శుభ్రంగా ఉండటం చేత ఇది మనసుకు సంబంధించిన వ్యవహారమని తేల్చారు. మనసుకు స్కానింగు లేదు కాబట్టి ఆ మాట చాలాకాలం నిలిచింది. అత్తగారు సూర్యకాంతమ్మగారిది మాత్రం మొదట్నుంచీ ఒకటే మాట. "పని తప్పించుకోవాలనుకునేవాళ్ళకి నొప్పి పొట్టలోనే వస్తుందండి. బయటికి కనపడదు కదా."

ఆ నొప్పి ఎక్కువగా శనివారాలే వస్తోందని ఎవరూ గమనించలేదు. శనివారమే రావడానికి తగిన కారణం ఉంది. ఆ ఇంట్లో ఒక ఆచారం. చెరువులో రొయ్య పిల్ల వేసిన నాటి నుంచి రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అయ్యేదాకా ఇంటి కోడలు శుక్ర, శనివారాలు ఉపవాసం ఉండాలి. పట్టుబడికి ముందు మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ఒకానొక ఏడు చెరువుకు తెల్లమచ్చ రోగం తగిలినప్పుడు సూర్యకాంతమ్మగారు మొక్కిన మొక్కు అది. ఆవిడకు షుగరు, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. అందుచేత మొక్కడం అత్తగారి వంతు, తీర్చడం కోడలి వంతు అని ధర్మబద్ధంగా పంచుకున్నారు.

మిగతా అయిదు రోజులూ గీతిక సుష్టుగా తినవచ్చు. మామగారు తిన్నాక, భర్త హర్ష తిన్నాక, మేత లారీ డ్రైవరు తిన్నాక, అత్తగారు తిని ఓ కునుకు తీశాక తినవచ్చు. అంటే సుమారు మూడున్నర అవుతుంది.

కృష్ణంరాజుగారు దయలేని మనిషని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. ఆయన రొయ్యలకు రోజుకు నాలుగు పూటలు మేత. పొద్దున్న ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. పది నిమిషాలు ఆలస్యమైతే గట్టు మీద చిందులు తొక్కుతారు. మేత వేశాక నీళ్ళలో దించి ఉంచిన చెక్‌ట్రే పైకి లాగి, ఒక్కొక్క రొయ్యనూ వెలుతురుకెత్తి, పొట్టలో మేత గీత నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని చూస్తారు. గీత కాస్త పలచబడితే ఆయనకు ముద్ద దిగదు. నోరులేని జీవాల ఆకలిని అంతగా కనిపెట్టిన మనిషి డెల్టాలో మరొకరు లేరు.

ఈమధ్య ఒకరోజు గీతిక గంజి వార్చబోతే చేతుల్లో పట్టు లేక గిన్నె జారి అన్నమంతా నేలపాలైంది. మగవాళ్ళ భోజనం గంటన్నర ఆలస్యమైంది. దాంతో సమస్య తీవ్రమైనదని కుటుంబం ఏకగ్రీవంగా ఒప్పుకుని ఆమెను రాజమండ్రి తీసుకెళ్ళింది.

అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ ఏసురాజు ఆమె మూత్రం సీసాను కిటికీలో పెట్టి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎండ తగిలి అది నేరేడుపండు రంగుకు మారింది. ఆ సీసా పట్టుకుని డాక్టర్ ప్రసన్నకుమార్ గదికి పరుగెత్తాడు. మూడేళ్ళలో ఇందరు చూసినా దొరకనిది ఒక టీ తాగేంత సేపట్లో దొరికింది.

"రక్తంలో ఎర్రటి సరుకు ఒకటుంటుందండి, హీమ్ అంటాం," అన్నారు డాక్టరుగారు. "దాన్ని తయారుచెయ్యడానికి ఎనిమిది ఎంజైములు వరసగా కూర్చుని పనిచేస్తాయి. మీ వైపు రొయ్యల ఫ్యాక్టరీల్లో తల తీసేవాళ్ళు, పొట్టు ఒలిచేవాళ్ళు కూర్చున్నట్టే. ఈ అమ్మాయికి మూడోది సగమే ఉంది. వేళకి తింటున్నంతకాలం అదీ సరిపోతుంది. తిండి మానేస్తే మాత్రం మొదటిది తొందరపడి సరుకు తెగ దించేస్తుంది. మూడోదాని దగ్గర పేరుకుపోతుంది. ఆ పేరుకున్నదే విషం. ముందు నొప్పి. తర్వాత చేతులూ కాళ్ళూ పడిపోతాయి. ఆ తర్వాత ఊపిరి."

"మందేంటండి?" అన్నారు కృష్ణంరాజుగారు.

"వేళకి అన్నం."

కృష్ణంరాజుగారు మిగతా మందుల కోసం ఎదురుచూశారు. డాక్టరుగారు గీతిక వైపు తిరిగి, "నీకెలా ఉంటుందమ్మా?" అని అడిగారు. మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను నేరుగా అడగడం అదే మొదలు.

"ఆకలేస్తుందండి," అంది గీతిక. "చాలా ఆకలేస్తుందండి."

డాక్టరుగారు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఉపవాసం కూడదు. ఇంకోసారి ఉంటే ప్రాణానికి ప్రమాదం. కింద సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు.

అంత దూరం వెళ్తే అన్నం తినమని చెప్పే డాక్టరును మా ఊరు ఎలా నమ్ముతుంది? ముందుగా ఎంజైము బాధ్యత ఎవరిదని పెద్దలు కూర్చున్నారు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపమని డాక్టరు చెప్పాడు గనుక, సారె పంపేటప్పుడు ఎనిమిదింటిలో ఒకటి సగమే పెట్టి పంపారని పుట్టింటివారి మీద తీర్మానం చేశారు. వాళ్ళు మాత్రం ఏం చెయ్యగలరు, మిగతా సగం కొరియర్లో పంపగలరా? ఆ తరువాత హర్ష భార్య భోజనం కోసం ఫోనులో మధ్యాహ్నం ఒంటిగంటకు అలారం పెట్టాడు. రోజూ ఠంచనుగా మోగేది. ఆ సమయానికి గీతిక అతనికి చారు వడ్డిస్తూ ఉండేది.

అసలు పరిష్కారం ఊళ్ళోనే ఉంది. ఆక్వా షాపు బుల్లియ్య విషయం విని నవ్వాడు. "ఎంజైముకి రాజమండ్రి దాకా ఎందుకెళ్ళారండీ? మన షాపులో బకెట్లు బకెట్లున్నాయి కదండి, ఆయ్. రొయ్యకి అరగనప్పుడు మనం ఇచ్చేది ఎంజైమే కదండి."

మా ఊరంతటికీ చెంపపెట్టులా తగిలింది. ఏళ్ళ తరబడి చెరువుల్లో ఎంజైములు గుమ్మరిస్తున్న మేము, ఒక్క మనిషికి సగం ఎంజైము లేదని బెంగపెట్టుకున్నాం. బుల్లియ్య బకెట్టు తెచ్చాడు. ఎకరాకు ఇంత అని దాని మీద రాసి ఉంది. గీతిక ఎన్ని ఎకరాలవుతుందో లెక్క తేలక, చిటికెడు వేసి, చెరువుకైతే కలిపే తవుడు మానేసి, బెల్లం మాత్రం చెరువుకు కలిపినట్టే ధారాళంగా కలిపి, రోజుకు నాలుగు పూటలు చెంబుడు తాగించమన్నాడు. ఆరు, పది, రెండు, ఆరు.

నాలుగో రోజుకు నొప్పి తగ్గింది. వారానికి గిన్నె పట్టుకోగలిగింది.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "అది బెల్లమండి బాబూ. ఈ జబ్బుకి తీపి, అన్నం, ఇవే మందు. ముందు ఆ బకెట్టు అవతల పారెయ్యండి," అన్నారు. ఎదుటివాడి వైద్యం ఫలిస్తే ఎంతటివారికైనా అసూయ సహజమని కృష్ణంరాజుగారు పెద్దమనసుతో క్షమించారు.

ఎంజైము పూడింది కాబట్టి ఆచారం పునరుద్ధరించబడింది. చెరువులో రొయ్య కేజీకి నలభై తూగే కౌంటుకొచ్చింది, సోమవారం పట్టుబడి. శుక్రవారం పొద్దున్న గీతిక డాక్టరు కాగితం తెచ్చి చూపించింది.

"అత్తయ్యగారూ, వద్దని రాసిచ్చారు కదండి."

"అది జబ్బున్నప్పుడమ్మా. ఇప్పుడు నీకేం, నిక్షేపంలా ఉన్నావు."

గీతిక హర్షను పక్కకు పిలిచింది. "నాకు భయంగా ఉందండి," అంది.

"మూడు రోజులే కదా గీతికా. ఈ టైములో అమ్మని కదపకు," అన్నాడు హర్ష. అతను చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ రాయడం మాకు ఇంకా తేలికయ్యేది.

ఆదివారం మధ్యాహ్నం బుల్లియ్యకు సన్మానం. వీధి వెడల్పు ఫ్లెక్సీ కట్టారు. బిరుదు 'ఎంజైమ్ రత్న'. కృష్ణంరాజుగారు మైకు అందుకున్నారు. "మన నేల అన్నపూర్ణ. గోదావరి జిల్లాల్లో ఆకలితో ఉన్న మనిషి కనపడడు. గడప తొక్కినవాడికి అన్నం పెట్టకుండా పంపించే అలవాటు మన రక్తంలోనే లేదు." చప్పట్లు ఆగలేదు. శాలువా పళ్ళెం పట్టుకుని వేదిక పక్కన నిలబడ్డ గీతిక ఆ చప్పట్లలోనే కూలిపోయింది. మొక్కు మహిమకు పూనకం వచ్చిందనుకుని కొందరు సాగిలపడి దణ్ణం పెట్టారు. వాళ్ళు లేచేసరికి పది నిమిషాలు పోయాయి.

కారులో రాజమండ్రి తీసుకెళ్తుంటే, కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి ఆమెకు ఊపిరి అందడం లేదు. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి మెషీను పెట్టారు. హీమ్ ఇంజక్షను ఆ ఊళ్ళో లేదు, విమానంలో రావాలి.

"చివరిసారి ఎప్పుడు తింది?" అన్నారు డాక్టరుగారు.

హర్ష చేతిలోని ఫోనును చూశాడు. అందులో రెండో నెంబరు చెరువుకు చివరి మేత ఎన్నింటికి పడిందో, ఎన్ని కేజీలు పడిందో, ఎంత మిగిలిందో ఉంది. భార్య సంగతి లేదు. గోడకు ఆనుకుని పెద్దగా ఏడ్చాడు. పాపం, అతని అలారం తప్పేమీ లేదు.

ఇది రాసే సమయానికి గీతిక ఇంకా మెషీను మీదే ఉంది. పట్టుబడి దివ్యంగా జరిగింది. మా గ్రామం మానవత్వంలో ఎవరికీ తీసిపోదు గనుక, ఆమె త్వరగా కోలుకోవాలని కోరుతూ ఊళ్ళోని కోడళ్ళందరూ రేపటి నుంచి మూడు రోజులు కటిక ఉపవాసం ఉండాలని మగవాళ్ళం తీర్మానించాం. మా భోజనాలు యథావేళకు జరుగుతాయి.

ఇతర గ్రామాల వారు కూడా పాల్గొనవచ్చు. మీ ఇంట్లో అందరికన్నా ఆఖరున తినే మనిషి పేరు మాకు పంపితే చాలు. ఎవరో చప్పున గుర్తురాకపోతే, ఈ పూట చెయ్యి కడుక్కున్నాక ఒకసారి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో ఏం మిగిలిందో మూత తీసి చూడండి.