సుబ్బరాజు పేరున్న గ్రైండర్

"నేరస్థుడా, వణుకు! నీ నీడకంటే ముందే నీ గడపలో వాలే అపరాధ పరిశోధక చక్రవర్తి బ్రహ్మచారి బయలుదేరాడు!"

జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి, ఈ ప్రకటనను గుక్క తిప్పుకోకుండా చదివాడు బ్రహ్మచారి. "ఎట్లున్నదిరా? పొద్దుగాల నీ షాపుల కూసున్నప్పుడే రాసిన," అన్నాడు మురిసిపోతూ.

దయాకర్‌కు ఏడుపొక్కటే తక్కువ. బోయిగూడలో అతనిది చిన్న రిపేరు షాపు. పాత సామాన్లవాడికి వేసెయ్యబోయిన మిక్సీలను కూడా బతిమాలి తెచ్చుకుని, విప్పి, తుడిచి, మళ్ళీ తిరిగేలా చేస్తాడు. నాలుగు రోజులు కుస్తీ పట్టి బాగుచేసిన శారదమ్మ గ్రైండర్, ఇవాళ అన్నం తినొచ్చేసరికి మాయం. బాగైన సామాన్లు ఇళ్ళకు చేర్చే ట్రాలీ ఆటో లూకా ఫోనేమో స్విచ్చాఫ్.

శారదమ్మ సీతాఫల్‌మండిలో ఇడ్లీపిండి అమ్ముతుంది. వీళ్ళు గడప తొక్కగానే ఎదురొచ్చింది.

"దయాకరూ, ఐదు కిలోల పప్పు నానవెట్టిన. రేపు బారసాలకు పిండియ్యాలె. నీ మాట మీదనే ఒప్పుకున్న గద!"

నాలుగు తిట్టినా బాగుండేది. దయాకర్ తల దించుకున్నాడు.

"పరేషాన్ గాకమ్మా! ఇది అంతర్రాష్ట్ర ముఠా పని," అంటూ బ్రహ్మచారి భూతద్దంతో వంటింట్లో దూరాడు. నానిన పప్పు వాసన చూశాడు. జల్లెడలోంచి దయాకర్‌ను అనుమానంగా పరిశీలించాడు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు ఎత్తి కెవ్వుమన్నాడు.

గ్లాసు మీద చెక్కి ఉంది: పి. సుబ్బరాజు, నేరేడ్‌మెట్.

"దొంగ తన పేరు, ఊరు సుత రాసిపోయిండురా!"

"కానుకల మీద పేరు చెక్కించుడు ఎవరింట్ల లేదురా? నీ ఇంట్ల గిన్నెల మీద లేదా?" అన్నాడు దయాకర్.

"ఆయన మా ఇంటాయన దోస్తు," అంది శారదమ్మ. "గృహప్రవేశానికి గ్లాసులు పెట్టిండు. గ్రైండర్ సుత ఆయన పెట్టిందే. డ్రమ్ము మీద సుత గదే పేరు, ఊరు ఉంటది."

"ఇగ చూడు! ఇచ్చినోడే మళ్ళ గుంజుకపోయిండు. రేపు గ్లాసులకు వస్తడు. బండి తియ్!"

"పెద్దమనిషిరా, ఇజ్జత్ పోతది!" అని దయాకర్ మొత్తుకున్నాడు. వినేవాడైతే అతను బ్రహ్మచారి ఎందుకవుతాడు? వేరే దారీ తోచక దయాకర్ స్కూటర్ తీశాడు.

నేరేడ్‌మెట్‌లో సుబ్బరాజు ఇంటి తలుపు తీసే ఉంది. "చేతులు పైకెత్తు!" అని అరుస్తూ బ్రహ్మచారి గడప తన్నుకుని హాల్లో బోర్లా పడ్డాడు. లేచి చూస్తే ఎదురుగా గ్రైండర్. సాక్షాత్తూ శారదమ్మ గ్రైండరే!

దయాకర్ కళ్ళు నులుముకున్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహంలో బ్రహ్మచారి చెప్పింది నిజం కావడం ఇదే మొదలు.

సుబ్బరాజు నిజంగానే చేతులెత్తి, దండం పెట్టాడు. "నేనేం తప్పు చేశానండీ? ఇన్నేళ్ళ తర్వాత కానుక తిప్పి పంపించేశారు! 'దీనిమీద మీ పేరే ఉంది సార్' అని ఆటో ఆయన దింపేసి వెళ్ళిపోయాడు. ఫోన్ చేద్దామంటే పౌరుషం అడ్డొచ్చింది. మధ్యాహ్నం నుంచి నాకు ముద్ద దిగలేదండీ."

దయాకర్‌కు అప్పుడు వెలిగింది. ప్రతి సామానుకూ అతను పేరు చీటీ అంటిస్తాడు. దీని చీటీ ఎక్కడో ఊడిపోతే, లూకా డ్రమ్ము మీద పేరే అడ్రసనుకున్నాడు. ఆ మాటే చెప్పి, "శారదమ్మ రోజూ దీంట్లోనే రుబ్బుతది సార్," అన్నాడు.

"రోజూనా! చెల్లెమ్మ ఇంకా పారెయ్యలేదా?" సుబ్బరాజు కళ్ళు తుడుచుకుని, పంచె ఎగ్గట్టి, డ్రమ్ముకు తనే ఒక చెయ్యి వేశాడు.

ఆరింటికల్లా సీతాఫల్‌మండిలో గ్రైండర్ గరగరా తిరిగింది. పప్పు పోసింది సుబ్బరాజే. "మంచిగ నడుస్తుంటే ఎట్ల పారేస్తనన్నా?" అని శారదమ్మ నవ్వింది. దయాకర్ ప్రాణం కుదుటపడింది.

"ఆగుండ్రి! కేసు ఎట్ల ఛేదించిన్నో చెప్తా," అంటూ బ్రహ్మచారి జేబులోంచి పొద్దుటి కాగితం తీసి పైకెత్తాడు. ఎదురుగా కూర్చున్న దయాకర్‌కు దాని వెనకవైపు కనిపించింది. అతని దస్తూరీయే: శారదమ్మ, సీతాఫల్‌మండి. మూలకు ఇంకా జిగురు ఉంది.

"అరేయ్, ఈ కాగితం యాడిదిరా?"

"నీ షాపుల గ్రైండర్‌కు అంటుకొని ఉండె. వెనక ఖాళీ ఉన్నదని పీక్కున్న. పాతవాటిని మళ్ళ వాడాలె అని నువ్వే చెప్తవు గదరా!"

శారదమ్మ అట్లకాడ తెచ్చి దయాకర్ చేతిలో పెట్టింది.