మేడ మీది పొరుగు

తాళాలాయన దుకాణంలో ఈగలు తప్ప ఎవరూ లేరు. ఈగలకు తాళాలతో పని లేదు.

అప్పుడే కొత్త చట్టం వచ్చిందని కబురు. ఇంట్లో వండింది ఇరుగుపొరుగుకు అమ్ముకోవచ్చట. లైసెన్సు అక్కర్లేదట. తనిఖీకి ఎవడూ రాడట. చెప్పింది మంగలి. మంగలి చెబితే అందరూ నమ్ముతారు. కత్తి మెడ మీద ఉండగా కాదనేదెవరు?

తాళాలాయన ఇంటికెళ్ళి భార్య ముందు కూర్చున్నాడు.

"నీ దుంపల కూర అమ్ముదామే."

"పొరుగువాళ్ళకు పెడతాం. అమ్మం."

"చట్టమే ఒప్పుకుంది."

"వండేది చట్టమా?"

ఆవిడ నోట మాట వచ్చిందంటే తాళం పడ్డట్టే. ఆయన ఎవరికి తాళం చేసినా రెండో తాళంచెవి ఒకటి చేసి వంటింటి గోడకు తగిలిస్తాడు. చెవి పారేసుకునే జనం కోసం. గోడ నిండా మేకులే. ఆవిడ మాటకు మాత్రం అక్కడ చెవి లేదు.

ఆయన గుబులు వేరు. చెయ్యి వణుకుతోంది. ఇనుం అరగదీసే ఆకురాయి జారుతోంది. చేసిన చెవులు తాళంలో తిరగడం లేదు. ఆ సంగతి భార్యకు చెప్పలేక, సొంత వంటింట్లోనే దొంగ అయ్యాడు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా కూర డబ్బాలోకి వంచుకుని వీధిన పడ్డాడు.

దర్జీ మూత తీసి వాసన చూశాడు. "ఇది వదిన కూరే. పొద్దున ఊరికే పెట్టిపోయింది. డబ్బిచ్చి కొంటే నన్ను పిచ్చోడంటారన్నా."

ఏ గడప ఎక్కినా అదే మాట. పొద్దు వాలేసరికి వీధి చివరి ఇల్లు ఒక్కటే మిగిలింది. మంత్రసాని ఇల్లు. ఆమె పోయి ఏడాది దాటింది. వీధి తలుపుకు ఆయన చేసిన తాళమే, తుప్పెక్కి వేలాడుతోంది.

వెనక్కి తిరగబోతుంటే మేడ కిటికీలోంచి బుట్ట దిగింది, తాడు కట్టిన బుట్ట. మెట్లు దిగలేక మంత్రసాని ఇలాగే దింపేది. బుట్టలో ఒక నాణెం ఉంది.

ఆయన కాళ్ళు ఇంటివైపు లాగాయి. కళ్ళు నాణెంవైపు లాగాయి. కళ్ళే గెలిచాయి. 'ఎంతైనా పొరుగే కదా' అనుకున్నాడు. 'బతికున్న పొరుగే అయ్యుండాలని చట్టంలో లేదు.'

నాణెం తీసుకుని డబ్బా పెట్టాడు. బుట్ట చప్పుడు లేకుండా పైకి పోయింది. ఎవరో దగ్గారు. పొడి దగ్గు. అచ్చం మంత్రసాని దగ్గు.

దుకాణానికి పోయి, చెయ్యి ఎలా ఉందో చూద్దామని ఆ నాణెం అంచున ఆకురాయి ఆడించాడు. జారింది. వంకర గాటు పడింది. నాణేన్ని ఇంట్లో చిన్న ఇనప్పెట్టెలో వేసి తాళం పెట్టాడు. అన్నానికి కూర్చుంటే కుండలో కూర ఎప్పటంత ఉంది.

"కూర తగ్గలేదేమే?"

"తగ్గాలా?"

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు బుట్టలో అదే నాణెం దిగింది. అదే వంకర గాటు. ఇంటికెళ్ళి చూస్తే పెట్టె తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల నాణెం లేదు. ఇక రోజూ ఇదే వరస. బేరం ఆగడం లేదు. లాభం ఆ ఒక్క నాణెమే.

ఒకనాడు ఆవిడ పడుకునే చెప్పింది. "కాలు నొప్పి. ఈ పూట వంట నీదే."

ఆయనే వండాడు. డబ్బా పైకి పోయింది. చాలాసేపు ఏ అలికిడీ లేదు. ఉన్నట్టుండి బుట్ట దబ్బున దిగింది. డబ్బా నిండుగానే ఉంది. పైనున్న దుంప మీద పంటి గాటు. కిటికీలోంచి సన్నని గొంతు వినిపించింది.

"దుంపలు ఉడకలేదు."

ఆయన పరుగు చూసి దర్జీ కుట్టు తప్పాడు.

ఇంట్లో మంచం ఖాళీ. ఆయన చూపు వంటింటి గోడ మీదికి పోయింది. రెండు మేకులు బోసిగా ఉన్నాయి. ఒకటి ఇనప్పెట్టెది. రెండోది మంత్రసాని పెరటి తలుపుది.

పెరటి దోవన ఆవిడ వచ్చింది. జుట్టులో సాలెగూడు, బొడ్లో రెండు చెవులు.

"కాలు నొప్పన్నావుగా?"

"ఆ మేడ మెట్లు నువ్వెక్కి చూడు."

"నేనక్కడికే వస్తానని ఎలా తెలుసే?"

"గరిటె చప్పుడు నిద్రలో కూడా వినబడుతుందయ్యా. వీధంతా నేనే పెట్టాక మిగిలింది ఆ ఇల్లేగా. నువ్వు తెచ్చిన కూర మళ్ళీ కుండలోకే." ఆవిడ కూర్చుని పాదం నొక్కుకుంది. "నాణెం మీద గాటు చూశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి నీ ఆకురాయి జారడం చూడలేదు. చెయ్యి సంగతి నాకు చెప్పొచ్చుగా."

ఆయన తల దించుకున్నాడు.

"సరే, అమ్ముదాం. వండేది నేను. మోసేది నువ్వు. పక్క వీధికి. ఈ వీధి నోళ్ళు నేనే చెడగొట్టాను."

ఆయన మనసు తేలికపడింది. సిగ్గుగా నవ్వాడు. "అన్నీ సరేగానీ, ఆ దగ్గు మాత్రం అచ్చం మంత్రసానిలాగే దగ్గావే."

సాలెగూడు దులుపుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"నేను దగ్గలేదు. కింద నువ్వు దగ్గావనుకున్నా."

ఆవిడ లేచి కుండ మీద మూత సరిచేసింది.

"రేపు మొదటి డబ్బా ఆ ఇంటికే," అంది ఆవిడ. "ఊరికే."

"ఎవరు తీసుకెళ్తారు?"

"బేరం ఎవరు మొదలెట్టారు?"