ఒక్క మూత చాలు

సోమవారం పొద్దున జయరాముడు పెట్టుకున్న కార్యక్రమం చాలా సులువైనది. ఏడింటికి బట్టలుతకాలి. తొమ్మిదికి ఆరిన చొక్కా తొడుక్కోవాలి. పదింటికి ఖాళీ బిందెలతో తన ఇంటి ముందు చేరే ఆడవాళ్లను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయి, సర్పంచి అంజినప్పను నీళ్ల సంగతి నిలదీయాలి.

ఉరవకొండకు అవతల ఉన్న ఎర్రబండపల్లిలోకి పంచాయతీ ట్యాంకరు వచ్చి తొమ్మిది రోజులైంది. అడిగినవాళ్లకు అంజినప్ప ఒకసారి డీజిలు లేదన్నాడు, ఒకసారి డ్రైవరు తిప్పేష్‌కు జ్వరమన్నాడు, ఇంకోసారి టైరు పంచరన్నాడు. వచ్చే ఎన్నికల్లో ఆ సర్పంచి కుర్చీ మీద కన్నేసి ఉన్న జయరాముడికి ఇంతకన్నా మంచి కరువు మళ్లీ దొరకదు. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు: "బిందెలు బోర్లిస్తే ఒక చుక్క కూడా రాలకూడదు. నీళ్లు దాచిపెట్టుకున్నోళ్లు ఎవురూ రావద్దండి."

ఆ మాట చెప్పినవాడి పెరట్లో, గోనెపట్టా కింద రెండు డ్రమ్ముల నీళ్లున్నాయి. బామ్మర్ది పొలంలో బోరు నుంచి ట్రాక్టరు మీద తెప్పించుకున్నవి. నాయకుడికి కాస్త ముందుచూపు ఉండాలి కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

చిక్కల్లా చొక్కాల దగ్గర వచ్చింది. నాయకుడన్నాక తెల్లగా కనబడాలని జయరాముడి నమ్మకం. ఉన్న మూడు జతల తెల్లబట్టలూ ఇల్లిల్లూ తిరిగిన తిరుగుడుకు ఎర్రమట్టి పట్టి ఇటుకరాయి రంగుకు దిగాయి. బట్టలుతికే పాపన్న కూతురి ఇంటికని బెంగుళూరు పోయాడు. భార్య చౌడేశ్వరి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని అనంతపురంలో కూతురు ప్రశాంతి ఇంట్లో ఉంది. ఇక మిగిలింది పోయిన దసరాకు కొన్న వాషింగ్ మెషీను. ఒక తొట్టిలో ఉతుకుతుంది, ఇంకో తొట్టిలో పిండుతుంది, నీళ్లు మాత్రం మనమే బిందెతో పోయాలి. జయరాముడు దానికి ఆయుధపూజ నాడు బొట్టు పెట్టాడే తప్ప ఇంతవరకూ చెయ్యి పెట్టలేదు.

అనంతపురానికి ఫోన్ చేశాడు.

"మే, ఈ మిషన్లోకి సబ్బు పొడి యాడుండాది?"

"పొడి కాదు, నీళ్ల సబ్బు. నీలం సీసా, మిషను పైన గూట్లో ఉండాది చూడు," అంది చౌడేశ్వరి. "నువ్వెందుకు ఉతుకుతాండావు? పాపన్న లేడా?"

"అదంతా నీకెందుకు. ఎంత పోయాల?"

"మూతతో కొలిచి పొయ్యి. ఒక్క మూత చాలు. మూత మిషను పక్కనే పెట్టింటా. ఎక్కువ పోసేవు..."

అవతల పిల్ల ఏడ్చింది. లైను కట్టయింది. జయరాముడికి కావలసింది ఎలాగూ తెలిసిపోయింది.

సీసాకు మూత లేదు, గుడ్డ కుక్కి ఉంది. మెషీను వెనక కిందపడి ఉన్న వేలెడంత నీలం మూత అతనికి కనబడలేదు. మెషీను పక్కన, భార్య చెప్పిన చోటే, పెద్ద గంగాళం మీద మూసే సత్తు మూత ఉంది. తిరగేస్తే లోతుగా పళ్లెంలా ఉంది. జయరాముడు దాంట్లోకి సీసా వంచాడు. వంచుతూనే ఉన్నాడు. చిక్కటి నీలం సబ్బు అంచుదాకా నిండేసరికి సీసా అడుగున గుక్కెడు మిగిలింది.

"ఒక ఉతుకుకు ఇంత పడితే ఈ ఇల్లు గడిచినట్లే," అనుకుని మూతెడూ తొట్టిలో కుమ్మరించాడు. ఆ గుక్కెడు దాచడం మాత్రం ఎందుకని అదీ పోసేశాడు. డ్రమ్ము నుంచి నీళ్లు ముంచి పోసి, మూడు జతలూ వేసి, మీట తిప్పాడు.

మొదటి రెండు నిమిషాలు మెషీను ముద్దుగా గుడగుడలాడింది. నురగ తెల్లగా లేస్తుంటే జయరాముడికి మనసు నిండిపోయింది. నురగ ఎంతుంటే మురికి అంత పోతుంది, ఎవరైనా చెబుతారు. మూడో నిమిషానికి నురగ తొట్టి మూతను నెత్తిన పెట్టుకుని పైకి లేచింది. మూతను అదిమి పట్టుకుంటే పక్కల నుంచి వచ్చింది. పక్కలు మూస్తే మోకాళ్ల మీద పడింది. మీట ఆపినా అది ఆగలేదు.

గొట్టం కిందికి దించి నీళ్లు వదిలేశాడు. నీళ్లు పోయాయి, నురగ ఉంది. మళ్లీ నాలుగు బిందెలు పోసి తిప్పితే నురగ రెట్టింపయింది. అలా మూడుసార్లు జాడించేసరికి ఒక డ్రమ్ము ఖాళీ. రెండో డ్రమ్ములో కూడా బిందె అడుగును గీరుకునే దాకా వచ్చింది. చొక్కా తీసి పిండితే మాత్రం పాలు పితికినట్టు ధారగా నురగే కారింది.

మళ్లీ అనంతపురానికి ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు.

"గంగాళం మూతా?" అంది చౌడేశ్వరి.

"నువ్వే చెప్తివి కదమ్మా, మిషను పక్కన మూతని."

"సీసా మూతయ్యా సామీ. అది కూడా నేను సగమే పోస్తా. నురగ ఎక్కువైతే మురికి పోదు, నీళ్లు పోతాయి. ఇంగ అది జాడించల్లంటే ఊరి నీళ్లన్నీ తెచ్చి పోయాల్సిందే."

ఈ లోపల నురగ వంటింటి గడప దాటి, పెరటి కాలవ పట్టుకుని, వీధిలోకి చేరింది. ఆషాఢం గాలి ఎర్రబండపల్లిలో మనుషులనే నిలవనివ్వదు, నురగను నిలవనిస్తుందా. ముద్దలు ముద్దలుగా ఎత్తి ఊరంతా పంచింది. ఒక ముద్ద ఎదురింటి బర్రె కొమ్ము మీద కూర్చుంది. బర్రె దాన్ని చూడలేక గుంజ చుట్టూ తిరగసాగింది. ఇంకో ముద్ద అరుగు మీద కూర్చున్న ముసలి ఓబులమ్మ ఒళ్లో పడింది. చూపు ఆనక ఆమె వేలితో తాకి, "పాలు పారబోస్తాండారే వీధిలో, ఎవురి సొమ్ము మే ఇది," అని ఊరికంతా వినబడేలా అడిగింది.

పది కావడానికి ఇంకా పావుగంట ఉండగానే ఆడవాళ్లు బిందెలతో వచ్చేశారు. అందరికంటే ముందు రామసుబ్బమ్మ. ఆమె ఆ వీధికి పెద్దదిక్కు, నోరు కూడా పెద్దదే. కాలవలో పారుతున్న తెల్లటి నీళ్లను చూసింది, కాలవ వెంబడి కళ్లను పైకి తెచ్చింది, జయరాముడి గుమ్మం దగ్గర ఆపింది. గుమ్మంలో జయరాముడు లుంగీ, బనీనుతో, మీసాల మీద నురగతో నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా జయరామా, నీళ్లు యాడివి?"

"అది... ఉన్నిందిలే పెద్దమ్మా, కొంచెం."

"కొంచెమా? తొమ్మిది దినాలుగా నా కోడలు తల తడుపుకోలేదు. నీ కాలవలో బాతులు ఈదేటట్లుండాయి."

ముప్ఫైమంది ఆడవాళ్లు అక్కడికక్కడే కూర్చుని బిందెలు బోర్లించారు. ఆ ధర్నాకు నినాదాలు జయరాముడే రాసిచ్చాడు. వాళ్లు వాటిని కంఠతా పట్టారు. అంజినప్ప పేరున్న చోట జయరాముడి పేరు పెట్టడానికి ఎవరికీ కష్టం కలగలేదు.

లోపలికి పరుగెత్తిన జయరాముడికి ఒకటే తోచింది. ఎలాగైనా ఒక ట్యాంకరు నీళ్లు తెప్పించి అందరి బిందెలూ నింపి, మిగిలినదాంతో చొక్కా జాడించుకుంటే పరువు దక్కుతుంది. డ్రైవరు తిప్పేష్ కొత్తగా కొన్న సెల్లుకు ఫోన్ చేశాడు. అవతల గాలి హోరు.

"తిప్పేషూ, ఇల్లంతా నురగప్పా. వెంటనే ట్యాంకరు తీసుకోనిరా."

"ఏందన్నా? పొగనా?"

"నురగ, నురగ. పొంగుతాండాది. వీధిలోకి వచ్చేసినాది."

"పొగ వీధిలోకి వచ్చేసినాదా? వస్తాండా అన్నా, నువ్వు లోపల ఉండాకు, బయటికి ఉరుకు."

ఏమైతేనేం, వస్తున్నాడు కదా అని జయరాముడు ఫోన్ పెట్టేశాడు. బయట కొత్త గొంతు వినబడింది. సంగతి తెలిసి సర్పంచి అంజినప్ప స్వయంగా వేడుక చూడడానికి వచ్చాడు. ఇస్త్రీ మడత చెడని పంచె, తెల్లటి చొక్కా. ఆ చొక్కా చూడగానే జయరాముడి కడుపు మండింది.

"ఏమప్పా, నాకని చెప్పి ధర్నా నీ వాకిట్లోనే పెట్టించుకున్నావే," అన్నాడు అంజినప్ప ప్రేమగా. "అమ్మా, చూసినారు కదా మీ నాయకుడు. నేనేమో ట్యాంకరు రిపేరుకు పంపించి మీకోసరం కిందామీదా పడతాండా."

ఆడవాళ్లు తలలూపారు. వచ్చే ఎన్నికలు తన కళ్లముందే కాలవలో కొట్టుకుపోతున్నట్టు జయరాముడికి కనబడింది.

అంతలో ఊరి బయట నుంచి ఆగకుండా హారను మోగింది. రిపేరులో ఉన్న ట్యాంకరు దుమ్ము లేపుకుంటూ వీధిలోకి దూసుకొచ్చింది. బర్రె గుంజ పీక్కుని పారిపోయింది. తిప్పేష్ బండి ఆగకముందే దూకి, గొట్టం లాగి, "జరగండి, జరగండి," అంటూ జయరాముడి గుమ్మంలోకి నీళ్లు కొట్టాడు. ఆ ధాటికి నురగంతా కొండలా లేచి వచ్చి అంజినప్ప మీద పడింది.

నీళ్లు చూడగానే ధర్నా లేచింది. ముప్ఫై బిందెలు గొట్టం చుట్టూ మూగాయి. తిప్పేష్ తడిసిన గోడలను, ఆరిపోయిన పొయ్యిని, తలుపు చాటున నిలబడిన జయరాముడిని మార్చి మార్చి చూశాడు.

"మంట యాడన్నా?"

"మంటని ఎవురు చెప్పినార్రా? నురగంటి కదా."

రామసుబ్బమ్మ బిందె కింద పెట్టింది. గొట్టం మూతికి చుట్టుకుని ఉన్న పచ్చటి బత్తాయి రెమ్మను తీసి వాసన చూసింది.

"తిప్పేషూ, రిపేరు షెడ్డులో చీనీ చెట్లుండాయా?"

తిప్పేష్ మంచివాడు. ఊరిని కాపాడడానికి వచ్చిన ఊపు ఇంకా దిగలేదు. "షెడ్డు యాడిది పెద్దమ్మా. సర్పంచన్న తోటలో ఉంటి. ఇంగ ఒక సాలు చెట్లు తడవాల్సిండె, ఇల్లు కాలతాందంటే వదిలేసి వస్తి," అన్నాడు. "అన్నా, ఏమనుకోవద్దు, ఆ సాలు రేపు తడుపుతా."

అంజినప్ప ముఖం మీది నురగ తుడుచుకోలేదు. తుడుచుకుంటే ముఖం కనబడుతుంది.

తొమ్మిది రోజుల డీజిలు, జ్వరం, పంచరు అన్నీ ఒక్కొక్కటిగా అందరికీ అర్థమయ్యాయి. రామసుబ్బమ్మ బిందె చంకనెత్తుకుంది. "పాండి ఆఫీసుకు," అంది. ముప్ఫైమందీ అంజినప్పను నడుమ పెట్టుకుని కదిలారు. నినాదాల్లో పేరు మళ్లీ మొదటి చోటికి వచ్చింది.

జయరాముడికి ప్రాణం లేచొచ్చింది. తన ధర్నా తాననుకున్న దానికన్నా పదింతలు బాగా జరుగుతోంది. నురగ కారుతున్న చొక్కాను అట్లాగే తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ ఉరికాడు.

"పెద్దమ్మా, ఉండండి, ముందర నేను నడుస్తా."

రామసుబ్బమ్మ వెనక్కి తిరిగి, అడుగడుక్కీ బుడగలు రాలుస్తున్న ఆ నాయకుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. అతని కాలవలో పారిన నీళ్ల సంగతి ఆమె మరిచిపోలేదు.

"నువ్వు ఇంటికి పోయి బట్టలు జాడించుకో నాయనా," అంది. "నీళ్ల సంగతి మేం చూసుకుంటాం."

ఆ మధ్యాహ్నానికే ట్యాంకరు తాళాలు ఆఫీసు నుంచి రామసుబ్బమ్మ కొంగుకు చేరాయి. రోజు మార్చి రోజు, వీధికి ఇన్ని బిందెలని ఆమె గోడ మీద బొగ్గుతో రాయించింది. జయరాముడి ఇంటి ముందు మాత్రం ట్యాంకరు అందరికన్నా చివర ఆగేది.

మరుసటి సంవత్సరం ఎన్నికలు వచ్చాయి. రామసుబ్బమ్మ సర్పంచిగా గెలిచింది. కుర్చీ మీద ఆశ వదులుకుని ఆమె తరఫున పోలింగు ఏజెంటుగా కూర్చున్న జయరాముడు, మధ్యాహ్నం ఆమె పంపిన చిత్రాన్నం తిని, ఉప్పు సరిపోయిందన్నాడు.