ఎనిమిది కళ్ళజోళ్ళ మీద గీతలు

"నేరస్థుడు ఎంత ముదురైనా సరే, వాడి జాతకం నా చేతిలో ఉంది!" అని విజయభాస్కర్ టీ గ్లాసు పైకెత్తి ప్రకటించాడు. నాచారంలో ఇనప కడ్డీలు కోసే ఆ చిన్న ఫ్యాక్టరీకి ఆయన స్టోర్‌కీపర్. అపరాధ పరిశోధన మాత్రం తనకు తానే ఇచ్చుకున్న ఉద్యోగం. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, తన టిఫిన్ డబ్బా మాయమైన కేసు. అది ఉప్పల్లో, ఆయన ఇంట్లోనే దొరికింది.

ఇప్పటి కేసు అలాంటిది కాదు. కటింగ్ చేసేవాళ్ళ కోసం ఆయనే స్వయంగా ఎనిమిది కళ్ళజోళ్ళు ఎంచి తెచ్చాడు. రవ్వలు పక్కల నుంచి కూడా దూరతాయి కాబట్టి మామూలు అద్దాలు వద్దని, చుట్టూ రబ్బరు అంచుతో ముఖానికి అతుక్కుని కూర్చునేవే కావాలని నాలుగు దుకాణాలు తిరిగాడు. పది రోజులు గడిచేసరికి అన్నిటి మీదా గీతలే. కుట్ర కాక మరేమిటి?

అనుమానం ఉప్పలయ్య మీదికి పోయింది. పన్నెండేళ్ళుగా కడ్డీలు కోస్తున్న ఆ జనగామ మనిషి కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని పనిచేస్తూ సూపర్‌వైజర్ గౌతమికి దొరికిపోయాడు.

"గీతలు పెట్టింది అతనేనని తేలితే సోమవారం నుంచి ప్యాకింగ్‌కి పంపించేస్తాను" అందామె.

"సాయంత్రానికి రిపోర్టు మీ టేబుల్ మీద ఉంటుంది మేడం!"

పరిశోధన మొదలైంది. విజయభాస్కర్ టాల్కమ్ పౌడరు చల్లి వేలిముద్రలు చూశాడు. ఎనిమిదింటి మీదా తన ముద్రలే. "దుర్మార్గుడు! నా వేళ్ళనే అనుకరించాడు" అని పళ్ళు నూరాడు. తర్వాత నిఘా కోసం కడ్డీల స్టాండు వెనక నక్కాడు. నక్కినవాడు ఊరుకోక దానికి ఆనుకున్నాడు. ఏడు కడ్డీలు దడదడా జారాయి.

"సార్, జర పైలం! బయటికి రాన్రి, ఇంకో రెండు పడేటట్టున్నయ్" అని ఉప్పలయ్యే చెయ్యి పట్టుకుని లాగాడు.

ప్రాణం కాపాడినంత మాత్రాన అనుమానితుణ్ణి వదిలేస్తారా? "నిజం చెప్పు! అద్దాలు ఎందుకు గీశావ్?"

"నేనెందుకు గీస్త సార్? గా గీతలల్ల కడ్డీ మీద ఏడ కొయ్యాల్నో చాక్‌పీస్ మార్కు కనబడ్తలేదు. గందుకే నెత్తికి పెట్టుకున్న. మొన్న రవ్వొచ్చి గీడ పడ్డది."

రెప్ప మీద ఎర్రటి మచ్చ. కంటికి వెంట్రుకవాసి దూరం. విజయభాస్కర్ మనసు చివుక్కుమంది. కానీ పరిశోధకుడికి జాలి పనికిరాదని ఎక్కడో చదివాడు, పాపం.

స్టోర్ రూమ్‌కి వచ్చి రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. 'దోషి పేరు' దగ్గరికి వచ్చేసరికి పెద్ద తుమ్ము. టీ చింది తన కళ్ళజోడు మీదే పడింది. సొరుగులోంచి గుడ్డ తీసి తుడిచి పెట్టుకుంటే లోకమంతా మసక. ఇంకా గట్టిగా తుడిచాడు. ఇంకా మసక.

అప్పుడే వచ్చిన గౌతమి అడిగింది. "భాస్కర్ గారూ, ఆ గుడ్డ ఎక్కడిది?"

"మిషన్లు తుడిచే గుడ్డ మేడం. కటింగ్ కళ్ళజోళ్ళు కూడా రోజూ సాయంత్రం దీంతోనే, నేనే స్వయంగా, తళతళలాడేలా తుడు..."

గౌతమి ఆ గుడ్డ తీసుకుని తెల్ల కాగితం మీద దులిపింది. సన్నటి ఇనప రజను జలజలా రాలింది.

విజయభాస్కర్‌కి సిగ్గుతో తల భూమిలోకి దిగిపోయింది. నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చి, తన చేతులతోనే ఆ మనిషి కళ్ళకు ఎసరు పెట్టాడు. పైగా అతని కటింగ్ పని కూడా పోగొట్టబోయాడు.

"దోషి దొరికాడు మేడం" అన్నాడు నీరసంగా. రిపోర్టులో 'దోషి పేరు' దగ్గర ఆమె చేత తన పేరే రాయించాడు. కొత్త కళ్ళజోళ్ళు తెప్పించాలని, నీళ్ళతో కడిగి మెత్తటి బట్టతో తుడవాలని కింద చేర్పించాడు. ఉప్పలయ్యను పిలిపించి, అందరి ముందూ అదంతా తన నోటితోనే చెప్పాడు.

"అయితే ఉప్పలయ్య కటింగ్‌లోనే ఉంటాడు" అంది గౌతమి.

ఇక సంతకం. కళ్ళజోడు పాడైపోయింది కదా, ఎక్కడ పెట్టాలో ఆయనకు కనిపించలేదు. ఉప్పలయ్య వంగి, కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈడ సార్, ఈడ పెట్టున్రి. ఫికర్ చెయ్యకున్రి. దొంగల్ని పట్టినోళ్ళు మస్తుమంది ఉంటరు. తనను తానే పట్టుకొని సంతకం పెట్టినోన్ని నేనైతే ఇయ్యాల్నే సూస్తున్న."