నొప్పంటూ వస్తే ఎలుకకే రావాలి

పాఠకులారా! వచ్చే జన్మంటూ ఉంటే మనిషిగా పుట్టకండి. తెల్ల ఎలుకగా పుట్టండి. అదీ మా ప్రయోగశాలలోనే పుట్టండి. మోకాళ్లున్న వాళ్లెవరికైనా ఇంతకన్నా మంచి సలహా నేనివ్వలేను.

ఆషామాషీగా చెప్పడం లేదు. మా ఇంటావంటా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు మందు మొక్కల మీద పరిశోధన చేస్తున్నాను. సముద్రపు నాచు నుంచి తీసిన ఒక పదార్థాన్ని సూదితో ఎక్కిస్తే ఎలుక పాదం పూరీలా పొంగుతుంది. వావిలాకును నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి తీసిన సారం పట్టిస్తే ఆ పొంగు దిగుతుంది. వాపు తెప్పించేది నీళ్లలో పెరిగేది, తగ్గించేది నేల మీద పెరిగేది. మధ్యలో పట్టా పుచ్చుకునేది నేను!

నవ్వకండి. ఒంట్లో వాపునీ మంటనీ పుట్టించే రసాయనాలకు ఆ ఆకులోని పదార్థాలు మొదట్లోనే అడ్డుపడతాయి. మీరు మింగే నొప్పి బిళ్లల్లో ఒకదాని పూర్వీకులు కూడా చెట్టు బెరడులోనే కాపురముండేవారు.

ఇక ఎలుకగారి వైభోగం వినండి. చల్లటి గది. వేళకు తిండి. గ్లౌజులు తొడుక్కున్న మనిషి గంట గంటకీ వచ్చి, రెండు చేతులా ఎత్తుకుని, పాదం కొలుస్తుంది. పాదం నేలకు ఆనించకపోతే నొప్పి అని రాస్తాం. నాక్కుంటే నొప్పి అని రాస్తాం. దాన్ని ఎవరైనా "నీ వయసెంత?" అని అడిగారా? "బరువు తగ్గు" అన్నారా? "అంతా నీ టెన్షనే" అని కొట్టిపారేశారా? చివరికి దాని గతేమిటని మాత్రం అడక్కండి. మనుషులకు మాత్రం చివరంటూ ఉండదా?

మా అమ్మ మనిషిగా పుట్టింది. అక్కడే దెబ్బతింది.

బట్టల ఫ్యాక్టరీలో ఆవిడది ఇస్త్రీ బల్ల. పొద్దస్తమానం నిలబడే పని. కుడి మోకాలు వాచింది. సూపర్‌వైజరు మంచివాడే. "డాక్టరు చీటీ తెండమ్మా, గుండీలు కుట్టే సెక్షన్లో కుర్చీ ఇస్తా. చీటీ లేదా, నిలబడాలి. లేదంటే మానుకోవాలి. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు.

అమ్మ ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరుగారి చూపు కంప్యూటరు మీద, చేతులు కీబోర్డు మీద ఉన్నాయి.

"ఏంటమ్మా?"

"మోకాలు బాబూ, బాగా వాచి..."

"వయసెంత?"

"యాభై రెండు."

"అరుగుదల. బరువు తగ్గండి. బిళ్లలు రాశాను. నెక్స్ట్!"

"చీటీ బాబూ. కూర్చుని చేసే పని ఇమ్మని..."

"అరుగుదలకి చీటీలిస్తూ పోతే దేశమంతా కూర్చునే ఉంటుందమ్మా."

ఎంత దూరదృష్టి! దేశం గురించి ఆలోచించే మనిషికి ఎదురుగా ఉన్న మోకాలు కనిపిస్తుందా?

ఇంటికొచ్చేసరికి మా పిన్ని ఫోను. "మీ అమ్మాయి ఎలుకలకి తగ్గిస్తుంది గానీ కన్నతల్లికి తగ్గించదా అక్కా?"

అమ్మ నావైపు తిరిగింది. "ఆ సీసాలోది ఒక్క చెంచా తేవే."

"కుదరదమ్మా. మనుషులకి ఎంత ఇవ్వాలో, ఇస్తే ఏమవుతుందో ఇంకా తేలలేదు. ఆకే కదా అని మింగేస్తే ఎలా?"

"ఎప్పటికి తేలుతుంది?"

"పదేళ్లు పట్టొచ్చు."

"సరే, అప్పటిదాకా ఆగమని మోకాలితో చెప్తాలే." మళ్లీ అడిగింది. "అన్ని ఎలుకలకీ మందిస్తారా?"

"లేదు. కొన్నింటికి వాపు తెప్పించి ఉత్త నీళ్లు పోస్తాం. తేడా తెలియాలి కదా."

"అయ్యో! వాటిని పట్టించుకునే దిక్కే లేదన్నమాట."

"ఎందుకు లేదు? వాటి కాళ్లూ గంట గంటకీ కొలుస్తాం."

అమ్మ తన మోకాలి వైపు చూసుకుంది. "నీళ్లే పోసినా కాలు చూస్తారన్నమాట," అంది.

మర్నాడు మళ్లీ ఆస్పత్రి. ఈసారి నన్నూ తీసుకెళ్లింది. డాక్టరుగారు తలెత్తకుండానే "ఏంటమ్మా?" అన్నారు. అమ్మ కుర్చీలో కూర్చుని, బట్ట మోకాలి పైకి లాక్కుని, కుడి కాలిని రెండు చేతులా ఎత్తి తిన్నగా ఆయన కీబోర్డు మీద పెట్టింది!

"ఏయ్, ఏంటమ్మా ఇది? తియ్యండి కాలు!"

"తీస్తాను బాబూ. ఒక్కసారి చూడండి, తీస్తాను."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం, టైపు చెయ్యడానికి చోటు లేక, చూశారు. చూశాక వేలితో నొక్కారు. నొక్కాక కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇంత నీరు పట్టిందేంటి? నిన్ననే చెప్పొద్దూ?"

ఆ సాయంత్రానికి మోకాల్లో నీరు తీశారు, పరీక్షలకు పంపారు. 'కూర్చుని చేసే పని మాత్రమే' అని చీటీ కూడా రాశారు. అమ్మ ఇప్పుడు కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతోంది. వైద్యశాస్త్రం గెలిచిందని సగర్వంగా మనవి చేస్తున్నాను.

అయితే ఒక చిన్న తేడా రాయకపోతే నా చదువుకే మచ్చ. నేను చేరినప్పటి నుంచీ మా ప్రయోగశాలలో ఏ ఎలుకకూ తన కాలు తానే ఎత్తి బల్ల మీద పెట్టుకోవలసిన అవసరం రాలేదు.