గ్రీకు గొర్రెల పంచాయితీ

ఆదివారం పొద్దున విజేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరి బయటికి వెళ్లి ఒక పొట్టేలు కడుపు కింద ఎంత చోటు ఉంటుందో చూడాలి. తిరిగొచ్చి ఉప్మా తినాలి. ఆ తర్వాత వారం రోజుల బట్టలు ఉతుక్కోవాలి.

విజేందర్ దేవరకొండ దగ్గర ఒక బాలికల గురుకులంలో ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్టు టీచరు. పుట్టి పెరిగింది కొత్తకోటలో, హైవే పక్కన. లారీల గురించి ఎంతసేపైనా మాట్లాడగలడు గానీ, గొర్రెను కూరలో తప్ప దగ్గరగా చూసినవాడు కాదు. పైగా పుట్టు పిరికి. మీద బల్లి పడితే సెలవు పెడతాడు. పక్కగదిలో ప్రిన్సిపాల్ మేడం దగ్గితే ఇక్కడ లేచి నిలబడతాడు. అలాంటివాడికి సోమవారం తనిఖీ అధికారి ముందు పాఠం చెప్పాల్సిన గండం వచ్చిపడింది. పాఠం ఆయనకు నచ్చితే కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారు, నచ్చకపోతే పెట్టె సర్దుకుని కొత్తకోట బస్సెక్కాలి.

పాఠం చూస్తే గ్రీకు పురాణం. సుమారు మూడు వేల ఏళ్ల నాటి మహాకావ్యంలోంచి ఒక ముక్క కోసి తొమ్మిదో తరగతి పుస్తకంలో పెట్టారు. యుద్ధం ముగించుకుని ఓడల మీద ఇంటికి పోతున్న వీరుడొకడు దారిలో తన మనుషులతో ఒక గుహలో దూరతాడు. ఆ గుహ గొర్రెలు కాసుకునే ఒంటికన్ను రాక్షసుడిది. వాడు వచ్చి, గుహకు బండ అడ్డం పెట్టి, వీరుడి మనుషులను పూటకిద్దరి చొప్పున తినడం మొదలుపెడతాడు. వీరుడు వాడికి బాగా తాగబోసి, కాల్చిన మొద్దుతో ఆ ఒక్క కన్నూ పొడిచేస్తాడు. తెల్లారి ఆ గుడ్డి రాక్షసుడు గొర్రెల వీపులు తడుముతూ మేతకు వదులుతుంటే, వీళ్లు పొట్టేళ్ల కడుపు కింద వేలాడుతూ బయటపడతారు. పోతూ పోతూ మందను కూడా తోలుకుపోతారు. పాఠం అక్కడితో సరి. ఆ కిందవన్నీ ప్రశ్నలూ, పూరించవలసిన ఖాళీలూ.

బుధవారం క్లాసులో ఈ పాఠం చెప్పగానే మల్లిక లేచింది. క్లాసులో సగం మంది గొర్లు కాసే ఇళ్ల పిల్లలే అయినా, లేచి అడిగే ధైర్యం ఈ పిల్లకే ఉంది.

"సార్, పొట్టేలు కింద మనిషి ఏలాడితే అది నడ్వదు సార్. కూలవడ్తది."

"మూడు పొట్టేళ్లను కలిపి కట్టిండ్రమ్మా. నడిమిదాని కింద ఏలాడిండ్రు."

"మూడింటిని పక్కపక్కన కడ్తే పొడ్సుకుంటయ్ సార్!"

క్లాసంతా విరగబడి నవ్వింది. విజేందర్‌కు మాత్రం చెమటలు పట్టాయి. ఇదే ప్రశ్న సోమవారం అధికారి ముందు అడిగితే? జవాబు తెలియక తాను నోరు తెరుచుకుని నిలబడితే? మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. చివరికి శనివారం వ్యాయామం టీచరు దగ్గర ఒక తాడూ కొలతల టేపూ అడిగి తెచ్చుకున్నాడు.

ఊరి బయట వేరుశనగ పీకేసిన చేనులో ఎరువు కోసం మంద పెట్టించారు. చుట్టూ వల కట్టి ఉంది. చలికి విజేందర్ మంకీ టోపీని ముక్కుదాకా లాక్కున్నాడు. భుజాన తాడు, జేబులో టేపు. కాపరులెవరూ కనబడలేదు. ఒక మూల గొంగడి ముద్ద తప్ప ఏమీ లేదు. అడగడానికి మనిషి లేడు గదా అని వల ఎత్తి లోపలికి దూరాడు.

గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి. వాటి చూపులకే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా పళ్లబిగువున ఒక పెద్ద పొట్టేలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని పొట్ట చుట్టూ టేపు తిప్పాడు. తర్వాత దాని మెడ కింద చెయ్యి వేసి, కడుపు కిందికి తల పెట్టి చూశాడు. చోటు లేదు. చిన్నపిల్లవాడు కూడా పట్టడు. మల్లిక చెప్పిందే నిజమని ఆయనకు దిగులు పుట్టింది.

సరిగ్గా అప్పుడే మూలనున్న గొంగడి ముద్ద లేచి నిలబడింది.

నిలబడుతూనే ఉంది. అంత పొడుగు మనిషి. నెరిసిన మీసం, చేతిలో కట్టె. ఒక కన్ను ఎప్పుడో తుమ్మకంప గీరుకుని పోయింది. రెండో కన్ను విజేందర్‌ను చూస్తోంది. పాఠంలోని రాక్షసుడు పేజీలోంచి లేచి వచ్చాడనుకుని విజేందర్ పొట్టేలును గట్టిగా వాటేసుకున్నాడు.

"ఎవడ్రా మందల?" అన్నాడు ఆ ముసలాయన. ఆయన పేరు పెద్దులు. ఆ కేకకు చేను గట్టు మీద పళ్లు తోముకుంటున్న కొడుకు పర్వతాలు పరుగెత్తుకొచ్చాడు, వాడి వెనక రెండు కుక్కలు.

"నేను... నేను దొంగను గాను," అన్నాడు విజేందర్. ఎవరూ ఇంకా ఆ మాట అనలేదు.

"మరి తాడెందుకు?" అన్నాడు పర్వతాలు.

"మూడు పొట్టేళ్లను కలిపి కడ్తే నడుస్తయా లేదా అని..."

"గా టేపెందుకు?"

"కడుపు కింద మనిషి వడ్తడా లేదా అని చూస్తున్న."

"వడ్తే?"

"వడ్తే మందతోని బయటికి పోవచ్చు. కాపరికి తెల్వకుంట." ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదెంత ప్రమాదమో విజేందర్‌కు తెలియలేదు.

పర్వతాలు ఇంకేం అడగలేదు. విజేందర్ తాడుతోనే ఆయన చేతులు కట్టి వల గుంజకు బిగించాడు. విజేందర్‌కు ఏడుపొక్కటే తక్కువ. తాను ఎవరో చెబితే వదిలేస్తారన్న చివరి ఆశతో, "అన్నా, నేను గురుకులంల సార్‌ను. ఇంగ్లీష్ సార్‌ను!" అన్నాడు.

పర్వతాలు ముఖం ఇంకా మాడిపోయింది. "మా బిడ్డ మల్లిక సారువా? గొర్ల కింద ఏలాడి దొంగలు ఎట్ల పోతరో పాఠం జెప్పింది నువ్వేనా? పిల్ల ఫోన్ల జెప్పింది నాకు. బుధారం నువ్వు పాఠం జెప్తివి, బేస్తారం పక్కూరి మందల రెండు పొట్టేళ్లు వాయె!"

"పాఠం నేను రాయలే అన్నా! గ్రీకోళ్లు రాసిండ్రు!"

"గా గ్రీకోళ్లు యాడుంటరు? ఏ ఊరు?"

పర్వతాలు కట్టె ఎత్తాడు. కుక్కలు విజేందర్ ప్యాంటు వాసన చూస్తున్నాయి. ఇక్కడే, ఉప్మా కూడా తినకుండా, తన కథ ముగిసిపోతుందని ఆయన కళ్లు మూసుకున్నాడు. అయితే పెద్దులు కొడుకును ఆపాడు. నాలుగూళ్ల పంచాయితీలు చేసిన మనిషి.

"కొట్టుడు ఎన్కకు. ముందుగాల పంచాయితీ. చెప్పు సారూ. గా కథేందో మొదటి సంది చెప్పు."

విజేందర్ మొదలుపెట్టాడు. ఓడలు చెప్పాడు, గుహ చెప్పాడు. కాపరి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఉన్న ఆ ఒక్క కన్ను కనబడింది.

"గా కాపరికి... రెండు కండ్లు," అన్నాడు.

"ఒక్కటే అన్నది మల్లిక," అన్నాడు పర్వతాలు.

"ఒక్కటే," అని ఒప్పుకుని, మిగతా కథ కళ్లు మూసుకునే చెప్పాడు. మొద్దు కాల్చిన దగ్గర గొంతు తగ్గించాడు. పొడిచిన దగ్గర మొత్తానికే మింగేశాడు. ఇద్దరూ కలిసి అదిలించి మళ్లీ చెప్పించారు.

పెద్దులు కట్టెను గడ్డం కింద ఆనించుకున్నాడు. తర్వాత అడిగాడు. "ఎవని ఇంట్ల ఎవడు సొచ్చిండు?"

"కాపరి ఇంట్ల వీళ్లు సొచ్చిండ్రు."

"అడిగిండ్రా?"

"అడగలే. కానీ తాతా, ఆయన మనుషులను తిన్నడు."

"తిన్నది తప్పే. గా తప్పుకు జుర్మానా ఏద్దుము. గని ఉన్న ఒక్క కన్ను వొడ్సుడేంది? జీవాలు తోల్కపోవుడేంది? తర్వాత ఏమైంది? దొంగలు దొరికిండ్రా? కాపరి ఎవలకన్న చెప్పుకున్నడా?"

"తెల్వదు తాతా. పాఠంల గంతే ఉన్నది."

"పిల్లలకు జెప్పే సారువు. నీకే తెల్వదా?"

ఆ మాటకు విజేందర్‌కు భయంలో కూడా సిగ్గేసింది. మూడు రాత్రులు నిద్ర మానుకుని పొట్టేలు కొలతల గురించి ఆలోచించాడు గానీ, ఆ కన్ను పోయిన వాడు ఏమయ్యాడని ఒక్కసారీ అనుకోలేదు.

"తీర్పు కావాల్నంటే కథ మొత్తం కావాలె. అప్పటిదాంక వదిలేది లేదు," అని తేల్చేశాడు పెద్దులు.

ఫోన్లో వెతకొచ్చుగానీ చేనులో సిగ్నల్ లేదు. సిగ్నల్ దొరికేది పక్క గుట్ట మీద. పర్వతాలు తాడు కొస పట్టుకుని విజేందర్‌ను గుట్ట ఎక్కించాడు. దారిలో పిల్లలను చూడడానికి టిఫిన్ డబ్బాలతో గురుకులానికి పోతున్న తల్లిదండ్రులు కొందరు ఆగి చూశారు. "సారుకు ఏమైంది?" అని ఎవరో అడిగితే, "పాఠం సగంల ఉన్నది," అన్నాడు పర్వతాలు.

గుట్ట మీద పర్వతాలు ఫోను పట్టుకున్నాడు, చేతులు కట్టి ఉన్న విజేందర్ చదివాడు. ఛార్జింగు అయిపోవస్తోంది. వేళ్లకు బదులు ముక్కుతో పేజీ జరుపుతూ, జీవితంలో ఏ పరీక్షకూ చదవనంత శ్రద్ధగా చదివాడు. ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు.

"దొరికింది! కాపరి తండ్రి సముద్రానికి దేవుడు! కొడుకు మొరపెట్టుకున్నడు. తండ్రి పగపట్టిండు. ఓడలన్నీ మునిగినయ్, మనుషులందరు సచ్చిండ్రు. వీరుడొక్కడే ఏండ్లకేండ్లు తిప్పలువడి, పరాయోళ్ల ఓడల ఇల్లు చేరిండు!"

కిందికి దిగాక ఆ మాట విని పెద్దులు మీసం దువ్వాడు. "నాయినకు చెప్పుకున్నడు. మంచిగ చేసిండు." తానే స్వయంగా ముడి విప్పి, విజేందర్ చేతికి అంబలి గిన్నె ఇచ్చాడు. రెండో గుక్క గొంతు దిగకముందే ఇంకో మాట అన్నాడు. "రేపు మీ బడికి పెద్దసారు వస్తున్నడంట గద, మల్లిక చెప్పింది. గీ కథ మొత్తం చెప్పాలె. మళ్ల సగంల ఆపితే ఊకోను. నేనే వచ్చి కూసుంట."

సోమవారం తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద పెద్దులు, పర్వతాలు గొంగళ్లతో, కట్టెలతో కూర్చున్నారు. ముందు కుర్చీలో తనిఖీ అధికారి రాంచందర్. నడుమ చాక్‌పీసు పట్టుకుని విజేందర్. ముందు చూస్తే ఉద్యోగం పోతుందని భయం, వెనక చూస్తే ప్రాణం పోతుందని భయం. కథ గొర్రెలు తోలుకుపోయేదాకా వచ్చింది.

"వెరీ గుడ్. ఇక్కడితో పాఠం అయిపోయింది," అన్నాడు రాంచందర్. "బుద్ధిబలం ముందు కండబలం నిలబడదు. అదీ నీతి."

వెనక బెంచీ కిర్రుమంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయపడాలో విజేందర్ అప్పుడు తేల్చుకున్నాడు.

"అయిపోలేదు సార్," అన్నాడు.

పుస్తకం మూసేసి మిగతా కథ చెప్పాడు. కాపరి ఒడ్డున నిలబడి తండ్రిని పిలిచిన పిలుపు చెప్పాడు, సముద్రం లేచిన తీరు చెప్పాడు. పిల్లలు రెప్ప వేయలేదు. మల్లిక కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ పాఠాలు అప్పజెప్పడమే తప్ప, కథ చెప్పడంలో ఇంత సంతోషం ఉంటుందని విజేందర్‌కు తెలియదు.

"ఇదంతా పుస్తకంలో ఉందా?" అన్నాడు రాంచందర్.

"లేదు సార్."

"లేనిది చెప్పమని ఎవరన్నారు? సారీ మిస్టర్ విజేందర్. ఇదే నేను రిపోర్టులో రాయాల్సి వస్తుంది."

అంతా అయిపోయిందనుకున్నాడు విజేందర్. కొత్తకోట బస్సు హారను చెవిలో వినబడింది.

"జర ఆగు సారూ."

పెద్దులు లేచాడు. లేస్తూనే ఉన్నాడు. బెంచీల నడుమ నుంచి కట్టె తాటించుకుంటూ ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తుంటే, రాంచందర్ ఆ ఒక్క కన్ను వంకా, చేతిలోని పుస్తకం బొమ్మ వంకా మార్చి మార్చి చూశాడు. ఒక అధికారి ముఖంలో రంగు పోవడం విజేందర్ మొదటిసారి చూశాడు. తాను రోజూ పడే భయం ఇంకొకరి మొహం మీద ఎలా ఉంటుందో చూస్తే జాలేసింది.

"గా రాసినోడు కాపరి దిక్కు ఎందుకు రాయలే? నువ్వు ఎవల దిక్కు?"

"మీ... మీ దిక్కే పెద్దాయనా. మాకూ అనుమానంగానే ఉంది. రాసినాయన మీద చర్య తీసుకుంటాం."

"ఏం జేస్తరు?"

"సంజాయిషీ అడుగుతాం."

"మంచిది. గని మా పంచాయితీల ఒక కట్టు ఉన్నది. తగువు తెగేదాంక సాక్షి ఊరు దాటొద్దు. గీ సారే సాక్షి. గది గూడ రాయి."

రాంచందర్ అక్కడే నిలబడి రాశాడు. సంతకం పెట్టాడు. పెద్దులు చెప్పకముందే ముద్ర కూడా వేశాడు. అన్నం గంట కొట్టగానే ఆయన పిల్లల గుంపులో తల వంచుకుని బయటపడి, ప్రిన్సిపాల్ మేడం పెట్టించిన కోడికూర కూడా తినకుండా జీపెక్కాడు.

పదిహేను రోజులకు పైఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మిగతా కాంట్రాక్టు టీచర్లందరికీ ఒక్క ఏడాది పొడిగింపు. విజేందర్‌ను మాత్రం, పాఠ్యాంశం మూల గ్రీకు రచయిత నుంచి సంజాయిషీ అందేవరకు అదే బడిలో కొనసాగించవలసిందిగా ఆదేశించారు.

సంజాయిషీ ఇంకా అందలేదు.