అత్తగారి గదికి ఆకుపచ్చ గోడ

ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం రైలుకి భార్య వాళ్లమ్మను వెంటబెట్టుకొస్తుంది. ఈలోగా ఆవిడ ఉండబోయే గదిలో మంచం వెనక గోడకు లేత ఆకుపచ్చ వేసేయాలి. ముప్ఫై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పిన అత్తగారు రిటైరయ్యాక మనుషులతో మాట తగ్గించేసింది. "నచ్చకపోతే మర్నాడే వెళ్లిపోతా" అని మరీ వస్తోంది.

తల ఆనిస్తే నూనె మరకలు పడతాయని ముందుచూపుతో రంగుల కొట్టుకి ఫోన్ చేశాడు.

"గోడకి ఏం రాసుకున్నా తుడిస్తే పోవాలండీ."

"రాసుకోవడానికా? దానికి వేరే పెయింటుందండీ!" అన్నాడు కొట్టాయన హుషారుగా.

"ఆకుపచ్చలో దొరుకుతుందా?"

"భేషుగ్గా!"

డబ్బా వచ్చింది. మూత తీస్తే ముదురాకుపచ్చ. ఆరితే తేలుతుందిలే అనుకుని గోడంతా పూశాడు. ఆరాక ఇంకా ముదిరింది. కొంచెం రంగు బకెట్లోకి వంపి, ఇంట్లో మిగిలిన తెల్ల డిస్టెంపర్ తెచ్చి అందులో కలిపాడు. అది నీళ్ల రంగు, ఇది నూనె రంగు. రెండూ కలిసి విరిగిన పాలలా ముద్దకట్టాయి. ఆ ముద్దలే గోడకు పులిమాడు. గోడకు బొబ్బలు లేచాయి. కిరసనాయిలుతో తుడిస్తే సగం ఊడి, సగం చారలు కట్టింది. ఏడుపొక్కటే తక్కువ. ఉప్పుకాగితంతో గీకి, డబ్బాలో మిగిలిందంతా మళ్లీ పూశాడు.

పూసి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బొబ్బలూ చారలూ, పొద్దుటినుంచీ చేసిన నిర్వాకమంతా మాయం. మచ్చ లేదు, మెరుపు లేదు. కాగితమంత మందం కూడా లేని పూత ఇంత దాస్తుందా!

తలుపు చప్పుడైంది. భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ! చెప్పిందేంటి, వేసిందేంటి? అమ్మ ఇటునుంచిటే రైలెక్కేస్తుంది!"

అత్తగారు గోడ దగ్గరకెళ్లి, ఆరిన మూల చూసి వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. కళ్లు పెద్దవయ్యాయి.

"బోర్డు పెయింటు..." అంది మెల్లగా. "మా క్లాసు బోర్డుకి వేయించండని ఏటా అడిగేదాన్ని. ఒక్కసారీ వేయించలేదు. గోడ గోడంతా బోర్డా, బాబూ? నాకోసమేనా?"

అల్లుడు భార్య కళ్లలోకి చూడకుండా, "మరి, మీకోసమే అత్తయ్యా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చాక్‌పీసు పట్టి, తన ఎత్తున ఒక్క ఊపులో వృత్తం గీసింది. ఎక్కడా వంకర లేదు. మొదలెక్కడో, చివరెక్కడో తెలియలేదు. మొగుడూ పెళ్లాం రెప్ప వేయడం మరిచిపోయారు. "చూస్తారేం? కూర్చోండి" అంది అత్తగారు.

ఆవిడ మళ్లీ రైలు మాటెత్తలేదు. అల్లుడు మాత్రం ఇప్పుడు ఇంట్లో మాట్లాడాలంటే చెయ్యెత్తాలి.